ఫైర్‌స్టోర్ రీడ్స్ రోజుకి 84 లక్షలు, ఆడేవాళ్లు 6,000 మందే. ఎక్కడ తగ్గించాలి?

పదాలబుట్ట
యూనిటీ గేమ్ ఇంజిన్‌లో చేసిన తెలుగు పదాల ఆట, ఆండ్రాయిడ్‌లో మాత్రమే ఉంది. రోజుకి దాదాపు 6,000 మంది ఆడతారు, ఒక్కొక్కరు సగటున నాలుగుసార్లు తెరుస్తారు, పదిహేను లెవెల్స్ ఆడతారు. బ్యాకెండ్ అంతా గూగుల్ ఫైర్‌బేస్, వాడినంతకి బిల్లు వేసే బ్లేజ్ ప్లాన్. డేటాబేస్ ఫైర్‌స్టోర్ (ఒక డాక్యుమెంట్ చదివితే ఒక రీడ్, రాస్తే ఒక రైట్), లొకేషన్ అమెరికా మల్టీ రీజియన్. యూసేజ్ ట్యాబ్‌లో రోజుకి 84 లక్షల రీడ్స్, 1.8 లక్షల రైట్స్ చూపిస్తోంది. నెల బిల్లు జీఎస్టీతో కలిపి 16,500 రూపాయల దగ్గరికి వచ్చింది. యాడ్స్ మీద వచ్చేదాంట్లో సగం దీనికే పోతోంది.

హోమ్ స్క్రీన్ మీద "ఈరోజు టాప్ 100" బోర్డు లైవ్‌గా మారుతూ ఉంటుంది. లెవెల్ పూర్తయిన ప్రతిసారీ స్కోరు ఒక డాక్యుమెంట్‌లో, ప్రోగ్రెస్ ఇంకో డాక్యుమెంట్‌లో రాస్తాం. అంతే. ఇంత చిన్న ఆటకి ఇన్ని రీడ్స్ ఎలా వస్తున్నాయో తేలట్లేదు. సర్వర్ మార్చేయాలా, ఇందులోనే దారి ఉందా?

లెక్కలమాస్టారు
మీ పోస్టులోనే జవాబుంది: "లైవ్‌గా మారుతూ ఉంటుంది".

టాప్ 100 క్వెరీ ఒక్కసారి వేస్తే 100 రీడ్స్. 6,000 మంది నాలుగుసార్లు తెరిస్తే 24,000 సార్లు. 24,000 × 100 = 24 లక్షలు. ఇది మొదటి ముక్క.

రెండో ముక్క ఇంకా పెద్దది. లిజనర్ (మార్పుల్ని వెంటనే ఫోనుకి పంపే కనెక్షన్) తెరిచి ఉన్నంతసేపూ బోర్డు మీద ఏ స్కోరు మారినా, ఆ క్షణానికి బోర్డు చూస్తున్న ప్రతి ఫోనుకీ ఒక్కో రీడ్ పడుతుంది. సగటున 300 మంది ఒకేసారి ఆటలో ఉన్నారనుకోండి. టాప్ 100లో రోజుకి 20,000 మార్పులు జరిగితే 300 × 20,000 = 60 లక్షలు. 24 + 60 = 84. మీ గ్రాఫ్‌కి సరిపోయింది కదా?

ఇంకో సంగతి. ఆటగాళ్లు రెట్టింపైతే ఈ రెండో ముక్క రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. చూసేవాళ్లూ పెరుగుతారు, మార్పులూ పెరుగుతాయి. సంక్రాంతి సెలవుల్లో పిల్లలంతా ఫోన్లు పట్టుకునేలోపే దీన్ని సరిచేయండి.

పదాలబుట్ట
సరిపోయింది. లైవ్ సెషన్లు సాయంత్రం 700 దాకా, పగలు 200 దగ్గర ఉంటాయి. మార్పులన్నిసార్లు గుణించి పడతాయని అనుకోలేదు.

సర్వర్‌సాంబ
సర్వర్ మార్చేయండి. డిజిటల్ ఓషన్‌కి బెంగళూరులో డేటాసెంటర్ ఉంది. 2 జీబీ ర్యామ్ డ్రాప్లెట్ (అక్కడి అద్దె సర్వర్) నెలకి 12 డాలర్లు. దాని మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, నకామా గేమ్ సర్వర్ పెట్టుకుంటే లాగిన్, లీడర్‌బోర్డు, సేవ్ డేటా అన్నీ అందులోనే వస్తాయి. నకామా ఓపెన్ సోర్స్, యూనిటీకి ఎస్‌డీకే (ఆటలో కలుపుకునే కోడ్ కిట్) ఉంది. ఎన్ని రీడ్స్ అయినా అదే 12 డాలర్లు.

యూనిటీవనిత
@సర్వర్‌సాంబ అన్నా, 12 డాలర్లతో అయిపోదు. బ్యాకప్ ఆన్ చేస్తే డ్రాప్లెట్ ధరలో ఇంకో 20 శాతం. వారానికొక్కసారి బ్యాకప్ చాలదు కాబట్టి పీజీ డంప్ (పోస్ట్‌గ్రెస్ డేటా కాపీ) రోజూ రాత్రి తీసి బయట ఎక్కడైనా పెట్టాలి. డిస్క్ నిండినా, సర్టిఫికెట్ గడువు తీరినా, సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత రీబూట్ అయి సర్వీస్ లేవకపోయినా చూసుకునేది పదాలబుట్ట గారే. ఒక్క మనిషి నడిపే ఆటకి ఆ కాపలా ఖర్చు బిల్లులో కనపడదు.

పైగా బోర్డు ఒక్కటి సరిచేస్తే ఫైర్‌స్టోర్‌లోనే రీడ్స్ ఖర్చు దాదాపు సున్నాకి వస్తుంది. ఇలా చేయండి:

క్లౌడ్ షెడ్యూలర్‌తో పది నిమిషాలకొకసారి ఒక ఫంక్షన్ (క్లౌడ్‌లో నడిచే చిన్న కోడ్) నడపండి. అది టాప్ 100 చదివి, పేర్లూ స్కోర్లూ కలిపి ఒకే ఒక్క డాక్యుమెంట్‌లో రాయాలి. యాప్ లిజనర్ పెట్టకుండా ఆ డాక్యుమెంట్‌ని ఒక్కసారి గెట్ చేసుకుంటుంది. స్కూల్లో మార్కుల లిస్టు నోటీసు బోర్డుకి అంటించినట్టు: ఒకరు రాస్తారు, అందరూ చూసుకుంటారు.

రోజుకి 144 సార్లు × 100 = 14,400 రీడ్స్. యాప్‌లు తెరిచినప్పుడు 24,000. మొత్తం 38,400. రోజుకి 50,000 రీడ్స్ ఉచితం. షెడ్యూలర్ జాబ్‌లు బిల్లింగ్ అకౌంట్‌కి మూడు ఉచితం.

లెక్కలమాస్టారు
84 లక్షల నుంచి 38,400కి. అదీ లెక్క అంటే.

నైజాంపిక్సెల్
ఆట తెరిచినప్పుడల్లా ప్రోగ్రెస్ డాక్యుమెంట్ చదువుతున్నరా లేదా అది కూడా చూడాలె. చదివితే ఇంకో 24,000 కలుస్తయి, 62,400 అయితది. అయినా భయపడాల్సింది లేదు. ఉచితం పోను 12,400 రీడ్స్, లక్షకి 6 సెంట్ల చొప్పున రోజుకి ఒక్క సెంటు కూడా కాదు.

ఉచిత కోటా మన అర్ధరాత్రికి మారదు, అమెరికా పసిఫిక్ టైం అర్ధరాత్రికి మారుతది. మనకి మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర. మీ గ్రాఫ్ చూసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండ్రి, లేకుంటే రోజువారీ లెక్క తప్పుతది.

పదాలబుట్ట
@యూనిటీవనిత బోర్డు అలా చేస్తే తన ర్యాంకు ఎలా చూపించాలండీ? 100 లోపు లేనివాళ్లకి "మీ స్థానం 2,341" అని చూపిస్తాం. అది చాలామందికి ఇష్టం.

యూనిటీవనిత
కౌంట్ క్వెరీ వాడండి. "నా స్కోరు కంటే ఎక్కువున్నవాళ్లు ఎంతమంది" అని అడిగితే డాక్యుమెంట్లు తేకుండా లెక్క మాత్రమే ఇస్తుంది. వెయ్యి ఇండెక్స్ (వెతకడానికి కట్టే సూచిక) ఎంట్రీలకి ఒక రీడ్ వేస్తారు. 2,341వ ర్యాంకుకి మూడు రీడ్స్. హోమ్ స్క్రీన్‌లో వద్దు, ర్యాంకు బటన్ నొక్కినప్పుడే అడగండి.

అర్ధరాత్రిబిల్డ్
ర్యాంకు కోసం ఆఫ్‌సెట్ (మొదటి ఇన్నింటిని దాటేయమనడం) మాత్రం వాడొద్దు. ఆఫ్‌సెట్ 2,000 అని పెట్టి పది తెచ్చుకుంటే 2,010 రీడ్స్ పడతాయి. దాటేసినవాటికీ డబ్బు తీసుకుంటారు. పేజీలు తిప్పాలంటే చివరి డాక్యుమెంట్ పట్టుకుని, దాని తర్వాతి నుంచి ఇమ్మనే స్టార్ట్ ఆఫ్టర్ వాడండి.

సర్వర్‌సాంబ
ఇదంతా రెడిస్ డేటాబేస్‌లో సార్టెడ్ సెట్ (స్కోరు వరసలో ఉండే జాబితా) పెడితే రెండు కమాండ్ల పని. ఒకటి స్కోరు పెట్టడానికి, ఒకటి ర్యాంకు అడగడానికి. 6,000 పేర్లకి మెమరీ ఒక ఎంబీ కూడా పట్టదు. ప్రతి చదువుకీ పైసలు లెక్కపెట్టుకుంటూ డిజైన్ చేయడం నాకు నచ్చదు.

లెక్కలమాస్టారు
@సర్వర్‌సాంబ మీ పద్ధతి తప్పని అనను. కానీ ఇక్కడ పోలిక ఇది: సరిచేశాక ఫైర్‌స్టోర్ రీడ్స్ బిల్లు నెలకి డాలర్ లోపు, డ్రాప్లెట్ బ్యాకప్‌తో 14.40 డాలర్లు. ఈ ఆటకి మారడంలో లాభం లేదు.

మీ వాదన పూర్తిగా నెగ్గే చోటు వేరే ఉంది. నలుగురు ఆడే కార్ రేసు తీసుకోండి. ఒక్కొక్కరు సెకనుకి పది మెసేజ్‌లు, ఒక్కోటి 100 బైట్లు, మిగతా ముగ్గురికీ వెళ్లాలి. 4 × 10 × 3 × 100 = సెకనుకి 12,000 బైట్లు, గంటకి మ్యాచ్‌కి 43 ఎంబీ. 300 మంది అంటే 75 మ్యాచ్‌లు, గంటకి 3.24 జీబీ. ఇది ఫైర్‌బేస్ రియల్‌టైమ్ డేటాబేస్ మీద నడిపితే డౌన్‌లోడ్ జీబీకి ఒక డాలర్. రోజుకి 8 గంటలు ఆడితే 26 డాలర్లు, నెలకి 780 దగ్గర. అదీ ఎన్‌క్రిప్షన్, ప్రోటోకాల్ బరువు కలపకుండా. అదే ట్రాఫిక్ నెలకి 780 జీబీ కాబట్టి మీ 12 డాలర్ల డ్రాప్లెట్‌తో వచ్చే 2,000 జీబీలో ఇమిడిపోతుంది.

సర్వర్‌సాంబ
అదే నేను చెప్పేది. రియల్‌టైమ్ ఆటలకి ఒప్పుకున్నారు, చాలు. పదాల ఆటకి మీదే ఖాయం చేసుకోండి.

నైజాంపిక్సెల్
మల్టీప్లేయర్ అనంగనే సర్వర్ కొనాలని కూడా లేదు. ఎపిక్ ఆన్‌లైన్ సర్వీసెస్‌ల లాబీలు, పీ2పీ (ఆటగాళ్ల మధ్య నేరు కనెక్షన్) ఉచితం, ఏ ఇంజిన్ అయినా సరే. స్టీమ్ మీద అమ్మే ఆటకి వాల్వ్ రిలే నెట్‌వర్క్ ఉచితం.

క్లౌడ్‌కాపరి
రైట్స్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. రైట్ ధర రీడ్‌కి మూడింతలు, లక్షకి 18 సెంట్లు. 6,000 × 15 లెవెల్స్ × 2 = 1.8 లక్షలు. ఇప్పుడు నెలకి 8, 9 డాలర్లే కానీ, బోర్డు సరిచేశాక మిగిలే బిల్లంతా ఇదే అవుతుంది.

ప్రోగ్రెస్ ఏ ఆకారంలో దాస్తున్నారు? లెవెల్‌కొక డాక్యుమెంటా?

పదాలబుట్ట
ఒకే డాక్యుమెంట్, అందులో మ్యాప్. లెవెల్ నంబరు కీ, లోపల స్టార్లు, టైమ్. మొత్తం 400 లెవెల్స్.

క్లౌడ్‌కాపరి
ఆ మ్యాప్‌లో ప్రతి లోపలి ఫీల్డ్‌కీ ఫైర్‌స్టోర్ తనంతట తానే ఇండెక్స్ కడుతుంది, అదీ ఎక్కే వరసలో ఒకటి, దిగే వరసలో ఒకటి. 400 లెవెల్స్ × 2 ఫీల్డ్స్ × 2 = 1,600 ఇండెక్స్ ఎంట్రీలు, ఒక్క ఆటగాడికి. వాటి మీద ఎప్పుడూ క్వెరీ వేయరు. స్టోరేజ్ బిల్లులో ఇండెక్స్‌ల బరువూ ఉంటుంది. సింగిల్ ఫీల్డ్ ఎగ్జెంప్షన్‌లోకి వెళ్లి ఆ మ్యాప్‌కి ఇండెక్స్ ఆపేయండి.

ఇంకా మంచిది: స్టార్లన్నీ ఒక స్ట్రింగ్. 400 అక్షరాలు, ఒక్కోటి 0 నుంచి 3. "3320013..." ఇలా. 400 బైట్లతో మొత్తం ప్రోగ్రెస్ అయిపోతుంది. దానికీ ఇండెక్స్ ఆపేయండి. టైమ్ నిజంగా అక్కర ఉంటే ఫోన్లోనే ఉంచండి.

రాయడం లెవెల్‌కోసారి వద్దు. లెవెల్ అయినప్పుడు ఫోన్లో రాసుకుని, క్లౌడ్‌కి సెషన్ చివర ఒక్కసారి. ఆనాటి బెస్ట్ స్కోరు కూడా ఆ డాక్యుమెంట్‌లోనే ఒక ఫీల్డ్‌గా, తేదీతో పాటు పెడితే రైట్ ఒక్కటే. 24,000 రైట్స్, అందులో 20,000 ఉచితం.

అర్ధరాత్రిబిల్డ్
సెషన్ చివర అంటే ఆన్ అప్లికేషన్ క్విట్‌లో (ఆట మూసినప్పుడు యూనిటీ పిలిచే ఫంక్షన్) రాయకండి. ఆండ్రాయిడ్‌లో ఆటని పక్కకి తోసేస్తే అది పిలవబడుతుందన్న గ్యారంటీ లేదు. ఆట వెనక్కి పోయినప్పుడు పిలిచే ఆన్ అప్లికేషన్ పాజ్‌లో రాయాలి. నెట్ లేకపోయినా పరవాలేదు, ఎస్‌డీకే రైట్‌ని ఫోన్లో దాచుకుని మళ్లీ తెరిచినప్పుడు పంపుతుంది. యాడ్ చూపించినప్పుడు కూడా పాజ్ వస్తుంది కాబట్టి, నిజంగా ఏదైనా మారితేనే రాయమని ఒక ఫ్లాగ్ పెట్టుకోండి. లేకపోతే యాడ్‌కొక రైట్ పడుతుంది.

డల్లాస్‌తెలుగోడు
స్కోరు బోర్డు మీద 100వ స్థానం కంటే తక్కువుంటే అసలు రాయకుండా వదిలేస్తే? కటాఫ్ ఎలాగూ బోర్డు డాక్యుమెంట్‌లో ఉంటుంది.

యూనిటీవనిత
అప్పుడు కౌంట్ క్వెరీకి లెక్క దొరకదు. 2,341వ స్థానం చూపించాలంటే ఆ 2,340 మంది స్కోర్లూ డేటాబేస్‌లో ఉండాలి. ర్యాంకు చూపించని ఆటకైతే మీ ఐడియా బాగుంది.

నైజాంపిక్సెల్
ఇంకొకటి. లిజనర్ సీన్ మారినప్పుడు ఆపుతున్నరా? డోంట్ డిస్ట్రాయ్ ఆన్ లోడ్ పెట్టిన (సీన్ మారినా చెరగని) ఆబ్జెక్ట్‌ల పడితే హోమ్‌కి వచ్చినప్పుడల్లా కొత్త లిజనర్ తయారైతది. పది లిజనర్లకు పది రెట్ల రీడ్స్.

అర్ధరాత్రిబిల్డ్
పూర్తిగా అలా కాదు. క్వెరీ అచ్చంగా ఒకటే అయితే ఎస్‌డీకే వాటిని కలిపేసి సర్వర్‌కి ఒకే లిజనర్‌గా చూపిస్తుంది. క్వెరీలో ప్రస్తుత టైమ్ లాంటి మారే విలువ ఉంటేనే ప్రతిదీ కొత్తదవుతుంది. అయినా ఆపడం మంచి అలవాటే, ఆన్ డిస్ట్రాయ్‌లో స్టాప్ పిలవండి. చాట్ లాంటిదానికి లిజనర్ తప్పనిసరి అయితే ఈ రూల్ తెలుసుకోండి: తెగిన లిజనర్ 30 నిమిషాల లోపు మళ్లీ కలిస్తే మారినవాటికే రీడ్స్. 30 దాటితే మొత్తం క్వెరీకి మొదటినుంచీ.

నైజాంపిక్సెల్
కలిపేస్తదని తెల్వదు. మంచిగ చెప్పినవ్ అన్నా.

డల్లాస్‌తెలుగోడు
బోర్డు డాక్యుమెంట్ సైజు కూడా చూసుకోండి. ఆటగాళ్ల పేర్లు తెలుగులో ఉంటే యూటీఎఫ్-8లో ఒక్కో గుర్తు 3 బైట్లు. "వెంకటేశ్వర్లు" అంటే 13 గుర్తులు, 39 బైట్లు. ఫంక్షన్ పైథాన్‌లో రాసి జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే పద్ధతి) స్ట్రింగ్‌గా దాస్తే ఇంకా ఉబ్బుతుంది. పైథాన్ డిఫాల్ట్‌గా ఒక్కో గుర్తునీ ఆరు అక్షరాల ఎస్కేప్‌గా మారుస్తుంది, అదే పేరు 78 బైట్లవుతుంది. ఎన్ష్యూర్ ఆస్కీ ఫాల్స్ అని పెట్టాలి.

మనిషికి 100 బైట్ల చొప్పున బోర్డు 10 కేబీ. 24,000 సార్లకి రోజుకి 240 ఎంబీ, నెలకి 7.2 జీబీ. ఫైర్‌స్టోర్‌కి నెలకి 10 జీబీ నెట్‌వర్క్ ఉచితం. ఆటగాళ్లు పెరిగితే ముందు తగిలే హద్దు రీడ్స్ కాదు, ఇదే కావచ్చు. అప్పుడు బోర్డుని ఫైల్‌గా క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల ఫైల్ స్టోరేజ్ ఆర్2లో పెట్టండి. అక్కడ డౌన్‌లోడ్‌కి డబ్బు లేదు, 10 జీబీ దాకా స్టోరేజ్ ఉచితం. క్యాష్ గడువు 600 సెకన్లు ఇస్తే ఫైల్ మారే వేగానికి సరిపోతుంది.

గోలీసోడా
బిల్లుకి పరిమితి పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు కదా? బడ్జెట్ 50 డాలర్లు అని పెడితే అక్కడ ఆగిపోదా?

క్లౌడ్‌కాపరి
ఆగదు. దయచేసి అందరూ ఇది గుర్తుపెట్టుకోండి. గూగుల్ క్లౌడ్‌లో బడ్జెట్ అంటే మెయిల్ వచ్చే ఏర్పాటు మాత్రమే. 50, 90, 100 శాతం దగ్గర మెయిల్ వస్తుంది, వాడకం సాగిపోతూనే ఉంటుంది. పైగా బిల్లింగ్ డేటా గంటల ఆలస్యంగా వస్తుంది.

నిజంగా ఆపాలంటే బడ్జెట్‌ని పబ్‌సబ్‌కి (మెసేజ్‌లు చేరవేసే సర్వీస్) కలిపి, ఆ మెసేజ్ అందుకున్న ఫంక్షన్ ప్రాజెక్ట్ నుంచి బిల్లింగ్ అకౌంట్‌ని విడదీయాలి. గూగుల్ డాక్యుమెంటేషన్‌లో ఆ కోడ్ ఉంది. కానీ అది ఆటనే ఆర్పేస్తుంది, కొన్ని రిసోర్సులు తిరిగి రాకపోవచ్చు కూడా. టెస్ట్ ప్రాజెక్ట్‌కి తప్పకుండా పెట్టండి. జనం ఆడే ప్రాజెక్ట్‌కి నేను పెట్టమనను. అక్కడ ముందే కట్టలు వేయాలి.

ఫంక్షన్లకి మ్యాక్స్ ఇన్‌స్టాన్సెస్ (ఒకేసారి నడిచే కాపీల హద్దు) 5 లేదా 10. సెక్యూరిటీ రూల్స్‌లో క్వెరీ లిమిట్ 100కి మించితే తిరస్కరించాలి. ఎవరైనా మీ ఏపీకే విప్పి కాన్ఫిగ్ తీసి కలెక్షన్ మొత్తం లాగకుండా యాప్ చెక్ (అసలు యాప్ నుంచి వచ్చే రిక్వెస్ట్‌లనే ఒప్పుకునేది) ఆన్ చేయాలి. రూల్స్‌లో వేరే డాక్యుమెంట్‌ని చూసే గెట్, ఎగ్జిస్ట్స్ వాడితే అవీ రీడ్స్‌గా పడతాయి. రైట్ రూల్‌లో ఒక్క గెట్ ఉంటే మీ 1.8 లక్షల రైట్స్ వెనక 1.8 లక్షల రీడ్స్ దాక్కుని ఉంటాయి.

యూనిటీవనిత
యాప్ చెక్ పెట్టేముందు ఒక మాట. ఆండ్రాయిడ్‌లో అది ప్లే ఇంటెగ్రిటీ (గూగుల్ ప్లే తనిఖీ) మీద నడుస్తుంది, దానికి మామూలు కోటా రోజుకి 10,000 రిక్వెస్ట్‌లు. యాప్ చెక్ టోకెన్ (తనిఖీ అయ్యాక ఇచ్చే చీటీ) గడువు మామూలుగా ఒక గంట. నాలుగుసార్లు తెరిచే 6,000 మందికి గంట గడువంటే 24,000 దాకా పోతుంది, సాయంత్రానికి కోటా అయిపోయి జనానికి బోర్డు రాదు. గడువు రెండు రోజులు పెట్టండి. సగం గడువు దాటాక ఎస్‌డీకే కొత్తది తెచ్చుకుంటుంది కాబట్టి మనిషికి రోజుకి ఒకటి మించదు. ప్లే కన్సోల్‌లో కోటా పెంచమనీ అడగొచ్చు.

అర్ధరాత్రిబిల్డ్
రిమోట్ కాన్ఫిగ్‌లో (యాప్ అప్‌డేట్ లేకుండా సెట్టింగులు మార్చే ఫైర్‌బేస్ సౌకర్యం) ఒక స్విచ్ కూడా పెట్టుకోండి, "బోర్డు చూపించు: అవును/కాదు". ఏదైనా అదుపు తప్పితే ఆట ఆగకుండా బోర్డు మాత్రం ఆపొచ్చు. డిఫాల్ట్ ఫెచ్ ఇంటర్వల్ 12 గంటలని మర్చిపోవద్దు. 12 గంటల తర్వాత పనిచేసే స్విచ్ దేనికీ పనికిరాదు. రియల్‌టైమ్ రిమోట్ కాన్ఫిగ్ వాడండి, లేదా ఇంటర్వల్ గంటకి తగ్గించండి.

మరోటి: స్కోరు మారితే లేచే ట్రిగ్గర్ ఫంక్షన్ అదే డాక్యుమెంట్‌లో మళ్లీ రాస్తే, ఆ రైట్ మళ్లీ ట్రిగ్గర్‌ని లేపుతుంది, అలా తెల్లారేదాకా. ఫలితం వేరే కలెక్షన్‌లో రాయాలి.

గోలీసోడా
మెయిల్ మాత్రమే అంటే బడ్జెట్ అని పేరెందుకు పెట్టారో! సరే, అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కి పోతే ఇవన్నీ తప్పుతాయా?

క్లౌడ్‌కాపరి
అక్కడ వేరే చిల్లులు. లాంబ్డాని (అక్కడి క్లౌడ్ ఫంక్షన్) ప్రైవేట్ సబ్‌నెట్‌లో పెట్టి బయటికి నెట్ కావాలంటే నాట్ గేట్‌వే కావాలి. వర్జీనియా ధరలో గంటకి 4.5 సెంట్లు, ఒక్క రిక్వెస్ట్ రాకపోయినా నెలకి దాదాపు 33 డాలర్లు, ట్రాఫిక్‌కి మళ్లీ వేరే. 2024 ఫిబ్రవరి నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కీ గంటకి అర సెంటు. క్లౌడ్‌వాచ్ లాగ్స్ జీబీకి 50 సెంట్లు, డిఫాల్ట్‌గా ఎప్పటికీ చెరగవు. చిన్న ఆటకి డైనమోడీబీ డేటాబేస్ వాడి వీపీసీ (ప్రైవేట్ నెట్‌వర్క్) జోలికే పోకుండా ఉంటే ఇవి తగలవు.

లెక్కలమాస్టారు
@పదాలబుట్ట బిల్లు మొత్తాన్ని చూసి బెంగపడకండి, ఒక్కో ఆటగాడికి ఎంతో చూడండి. 16,500ని 6,000తో భాగిస్తే నెలకి రెండు రూపాయల ముప్పావలా. మనిషికి యాడ్స్ మీద నెలకి ఎంత వస్తోందో దాని పక్కన రాసుకోండి. కొత్త ఫీచర్ పెట్టే ముందు ఒక ఫోన్లో అరగంట ఆడి, ఎన్ని రీడ్స్ పడ్డాయో యూసేజ్‌లో చూసి గుణించండి. టెస్ట్ ప్రాజెక్ట్ విడిగా ఉంటేనే ఆ లెక్క శుభ్రంగా వస్తుంది. కన్సోల్‌లో డేటా తెరిచి చూసినా రీడ్స్ పడతాయి, అదీ కలవకుండా చూసుకోండి.

డల్లాస్‌తెలుగోడు
ఇండియా కార్డు మీద ఆటో డెబిట్ పెట్టారా? 15,000 దాటిన ఆటో పేమెంట్‌కి ప్రతిసారీ ఓటీపీ కావాలన్నది ఆర్‌బీఐ రూల్ (2022 జూన్ ముందు ఈ హద్దు 5,000). 16,500 బిల్లు తనంతట తాను కట్టుకోదు. కట్టకపోతే ప్రాజెక్ట్ ఆగుతుంది. ఈ నెలది చేత్తో కట్టేయండి.

పదాలబుట్ట
అది చాలా ముఖ్యమైన మాట, ఇప్పుడే చూస్తాను. జీఎస్టీ 18 శాతం వెనక్కి వస్తుందా?

డల్లాస్‌తెలుగోడు
జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, నంబరు బిల్లింగ్ ప్రొఫైల్‌లో ఇస్తే ఇన్‌పుట్ క్రెడిట్ దారి ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేకపోతే అది ఖర్చే. దీనికోసమే రిజిస్టర్ అయితే రిటర్నులు వేసే పని మీద పడుతుంది. సీఏతో కూర్చుని చూసుకోండి.

పదాలబుట్ట
బోర్డు ఫంక్షన్, స్ట్రింగ్ ప్రోగ్రెస్, పాజ్‌లో రైట్, యాప్ చెక్. ఈ వరసలో మొదలుపెడతాను. ఒక్క సందేహం మిగిలింది. అప్‌డేట్ చేయని పాత యాప్‌లు లిజనర్‌తోనే ఉంటాయి కదా? అవి నెలల తరబడి ఉంటాయి.

క్లౌడ్‌కాపరి
ఉంటాయి. కొత్త వెర్షన్ స్కోర్లని కొత్త కలెక్షన్‌లో రాయనివ్వండి. పాత కలెక్షన్‌లో మార్పులు తగ్గేకొద్దీ ఆ 60 లక్షల ముక్క తనంతట తనే కరుగుతుంది. ప్లే ఇన్-యాప్ అప్‌డేట్ "ఇమ్మీడియట్" పద్ధతి పాత వెర్షన్‌లో ముందే ఉంటే ఒక్క వారంలో చాలామంది మారతారు. లేకపోతే రెండు వారాలు ఆగి, పాత కలెక్షన్‌కి రూల్స్‌లో లిస్ట్ (క్వెరీతో చదివే అనుమతి) ఆపేయండి. యాప్ చెక్ ఎన్‌ఫోర్స్ (తప్పనిసరి చేయడం) మాత్రం ఆ తర్వాతే. పాత యాప్‌లకి టోకెన్ ఉండదు, ముందే నొక్కితే వాళ్లకి ప్రోగ్రెస్ కూడా సేవ్ కాదు.

యూనిటీవనిత
లిస్ట్ ఆపే ముందు పాత యాప్‌ని ఒక ఫోన్లో ఉంచి చూడండి. పర్మిషన్ లేదన్న ఎర్రర్‌ని పట్టుకోకపోతే హోమ్ స్క్రీన్ మీదే వేలాడిపోతుంది. అలా అయితే లిస్ట్ ఆపకుండా, పాత కలెక్షన్‌లో "కొత్త వెర్షన్ తెచ్చుకోండి" అన్న పేరుతో ఒకే ఒక్క డాక్యుమెంట్ మిగిల్చి మిగతావి తీసేయండి. తెరిచినప్పుడు 100 రీడ్స్ బదులు ఒక్కటే పడుతుంది, బోర్డు మీద కబురూ కనిపిస్తుంది. రూల్స్‌లో ఆ కలెక్షన్‌కి రైట్స్ మూసేయడం మర్చిపోకండి, లేకపోతే పాత యాప్‌లే మళ్లీ నింపేస్తాయి.